దాచుకున్న బొమ్మలు వేలల్లో ఉన్నాయి, నా గీత ఎక్కడ?

ప్రశ్న:

నాకు ముప్ఫై ఏళ్ళు. గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేస్తున్నాను. లోగోలు, యాప్ స్క్రీన్లు, ప్రకటనలు... రోజంతా ఇదే పని. చిన్నప్పటి నుంచి బొమ్మలంటే ప్రాణం. నచ్చిన ప్రతి పోస్టరూ, పెయింటింగూ ఫోన్‌లో దాచుకుంటాను. ఆ ఫోల్డర్‌లో ఇప్పుడు వేల బొమ్మలున్నాయి. కానీ నా కోసం ఏదైనా వేద్దామని కూర్చుంటే చేయి ఆడదు. ఏం గీసినా ఎక్కడో చూసినట్టే, ఎవరిదో కాపీ కొట్టినట్టే ఉంటుంది. ఆధునిక కళ ఎగ్జిబిషన్లకు కూడా వెళ్తుంటాను. గోడ మీద అంటించిన వివరణ చదువుతాను, బొమ్మ చూస్తాను, ఏమీ అనిపించదు. నాతో వచ్చే స్నేహితురాలికి మాత్రం కళ్ళు చెమరుస్తాయి. నాకు స్పందించే గుణమే లేదేమోనని టెన్షన్. దానికి తోడు నాకు వారం పట్టే పనిని ఇప్పుడు ఏఐ నిమిషంలో చేసేస్తోంది. ఉద్యోగం మానేసి పూర్తిగా బొమ్మల మీదే కూర్చుంటే దారి దొరుకుతుందా? ఆ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసేయమంటారా?
– ఒక పాఠకురాలు

సమాధానం:

ముందు కాపీ సంగతి మాట్లాడుకుందాం. మీ మిగతా ప్రశ్నల్లో సగం అక్కడే తేలిపోతాయి.

మీరు గీసింది ఎవరిదోలా ఉంటోందని బాధపడుతున్నారు. మీరు అతిగా కాపీ చేస్తున్నారని నాకు అనిపించలేదు. అసలు కాపీ చేయడమే లేదనిపించింది. వేలితో ఒక్కసారి నొక్కితే బొమ్మ మీ ఫోల్డర్‌లోకి వచ్చేస్తుంది. దాని పైరూపం కొంత మనసుకు అంటుకుంటుంది: ఆ రంగుల జత, ఆ అక్షరాల వాలు, ఆ ఖాళీ. అది ఎలా తయారైందో, వేసినవాళ్ళు ఏది ముందు పెట్టారో, ఏది తీసేశారో మీకు తెలియదు. తర్వాత మీరు గీయడానికి కూర్చుంటే, ఆ పైరూపాలే ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి వస్తాయి. ఎక్కడో చూసినట్టుందని మీకు అనిపించడానికి కారణం అదే.

బ్రిడ్జెట్ రైలీ పేరు మీరు వినే ఉంటారు. నలుపు తెలుపు గళ్ళు, గీతలతో కళ్ళు తిరిగేలా బొమ్మలు వేసిన బ్రిటిష్ చిత్రకారిణి. 1950ల చివర్లో ఆమె ఒక పెద్ద ప్రకటనల సంస్థలో పార్ట్‌టైమ్ చిత్రకారిణిగా పనిచేసేవారు. అంటే మీకు దగ్గరి వృత్తే. అప్పటికి ఆమెకు తనదంటూ ఒక శైలి లేదు. 1959లో ఆమె, ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ సెరా చిన్న చిన్న రంగు చుక్కలతో వేసిన 'కూర్బెవ్వా వంతెన' అనే పెయింటింగ్‌ను కాపీ చేశారు. ఎదురుగా అసలు బొమ్మ కూడా లేదు, ఒక పుస్తకంలో అచ్చయిన బొమ్మను చూసి, దానికంటే పెద్ద సైజులో వేశారు. చుక్కల్ని లెక్కపెట్టి మక్కీకి మక్కీ దింపాలన్నది ఆమె ఉద్దేశం కాదు. ఒక రంగు పక్కన ఇంకో రంగు పెడితే కంటికి ఏమవుతుందో, సెరా ఆ రంగుల్ని ఏ లెక్కతో పక్కపక్కన పెట్టాడో తన చేత్తో వేసి తెలుసుకోవాలనుకున్నారు.

రెండేళ్ళ తర్వాత, 1961లో, ఆమె 'మూవ్‌మెంట్ ఇన్ స్క్వేర్స్' వేశారు. అందులో ఉన్నవి నలుపు తెలుపు గళ్ళే. గళ్ళ ఎత్తు మారదు, వెడల్పు మాత్రం పక్కకు వెళ్ళేకొద్దీ సన్నబడుతూ పోయి, ఒకచోట దాదాపు గీతలుగా నలిగి, మళ్ళీ విచ్చుకుంటుంది. చూస్తుంటే బల్లపరుపుగా ఉన్న పలక లోపలికి వంగిపోతున్నట్టుంటుంది. ఆ బొమ్మలో సెరా జాడ కనిపిస్తుందా? వంతెన లేదు, నది లేదు, రంగే లేదు. సెరా దగ్గర ఆమె తీసుకున్నది ఒక ప్రశ్న: పక్కపక్కన ఉన్న రెండు ఆకారాలు చూసేవాళ్ళ కంట్లో ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయి?

ఆ ప్రశ్న సెరాది కూడా కాదు. అంతకు ముందు ఫ్రాన్సులో మిషెల్ యూజీన్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. గోబ్లాఁ అనే పేరున్న నేతశాలలో రంగుల అద్దకం విభాగానికి అధిపతి. అక్కడ అద్దే నలుపు రంగులో పస లేదని ఫిర్యాదులు వచ్చేవి. ఆయన పరీక్షించి చూస్తే రంగులో లోపమేమీ లేదు. నలుపు దారం నీలం, ఊదా లాంటి రంగుల పక్కన పడినప్పుడు, ఆ పక్క రంగుల ప్రభావం వల్ల కంటికి వెలిసినట్టు కనిపిస్తోంది. ఈ పరిశీలనలన్నీ కలిపి 1839లో రంగుల పరస్పర ప్రభావం మీద ఆయన ఒక పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. ఆ ఆలోచనలే అర్ధ శతాబ్దం తర్వాత సెరా చుక్కల్లోకి వచ్చాయి, అక్కడి నుంచి ఇంకో డెబ్బై ఏళ్ళకు రైలీ గళ్ళలోకి వెళ్ళాయి. ఒక కార్ఖానాకు వచ్చిన ఫిర్యాదు, ఒక శాస్త్రవేత్త, ఇద్దరు చిత్రకారులు. నలుగురి చేతుల్లోనూ తిరిగింది ఒకే చిక్కు. ఎవరికి వాళ్ళు దాన్ని తమ పనిముట్లతో విప్పుకోవాలని చూశారు. నాకు తెలిసిన ఇన్‌స్పిరేషన్ ఇదే. మెరుపులా వచ్చి మీద పడేదాని కోసం మీరు ఎదురుచూస్తున్నారేమో, అందుకే ఈ ఉదాహరణ ఇంత వివరంగా చెప్పాను.

కాబట్టి మీరు నిజంగా కాపీ చేయండి. ఆ వేల బొమ్మల్లోంచి ఒక్కటి తీసుకోండి. అందమైనది అక్కర్లేదు, మిమ్మల్ని వదలకుండా వెంటాడేది తీసుకోండి. దాన్ని అచ్చు తీసి పక్కన పెట్టుకుని కాగితం మీద, చేత్తో వేయండి. కంప్యూటర్ మీద వద్దు. అక్కడ అసలు బొమ్మలోని రంగును ఒక్క నొక్కుతో లాక్కోవచ్చు, ఆ సౌకర్యమే మిమ్మల్ని దెబ్బతీస్తుంది. ఆ ఎరుపు ఎలా వచ్చిందో తెలియాలంటే నాలుగైదు సార్లు తప్పుడు ఎరుపు కలపాలి. వేస్తున్నప్పుడు తట్టినవి అంచుల్లో రాసుకోండి: ఇక్కడ ఇంత ఖాళీ ఎందుకు వదిలారు, ఈ గీత ఇక్కడ ఎందుకు ఆగింది, ఈ అక్షరం మిగతావాటికంటే ఎందుకు బరువుగా ఉంది. రెండు వారాల పాటు అదే బొమ్మ మీద ఉండండి. తర్వాత అసలు బొమ్మనూ, మీ కాపీనీ లోపల పెట్టేసి, గుర్తున్నంత మేరకు మళ్ళీ వేయండి. జ్ఞాపకం సహకరించని చోట మీ చేయి దానంతటదే ఏదో ఒకటి పూరిస్తుంది. ఆ పూరించినవి జాగ్రత్తగా చూడండి. బొమ్మలు నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళతో నేను ఈ పని చేయించినప్పుడల్లా గమనించేది ఒకటే: ఒకే బొమ్మను ఇద్దరు మరిచిపోయే తీరు ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఒకరు ఖాళీల్ని పెంచేస్తారు, ఇంకొకరు అంచుల్ని గట్టిగా బిగిస్తారు. మీ గీత ఎక్కడుందని అడిగారు కదా, దాన్ని అక్కడ వెతకండి.

వాన్ గో 1887లో హిరోషిగే వేసిన జపాన్ చెక్క అచ్చు బొమ్మల్ని రెండింటిని కాపీ చేశాడు. పూసిన ప్లమ్ చెట్టు బొమ్మకైతే గళ్ళు గీసుకుని మరీ కాన్వాస్ మీదికి ఎక్కించాడు. అయినా చేయి ఊరుకోలేదు. రంగుల్ని చిక్కగా చేశాడు, చుట్టూ అంచులు చేర్చి వాటి నిండా జపాన్ అక్షరాలు వేశాడు. అంత శ్రద్ధగా కాపీ చేసినా అది ఎవరు చూసినా వాన్ గో బొమ్మే.

ఒక హద్దు మాత్రం గట్టిగా పాటించండి. నేర్చుకోవడానికి చేసిన కాపీ మీ నోట్‌బుక్‌లోనే ఉండాలి. బతికున్న కళాకారుల పనిని కొద్దిగా మార్చి క్లయింటుకు ఇవ్వడం, మీ పేరుతో బయట పెట్టడం దొంగతనం. మీకు చెప్పనక్కర్లేదు, మీ ఉత్తరంలోని ఆందోళన చూస్తేనే మీరు ఆ పని చేయరని తెలుస్తోంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇది చదివే మిగతావాళ్ళు నా సలహాను సగమే పట్టుకోకూడదు.

ఇక గ్యాలరీలో ఏమీ అనిపించకపోవడం. మీలో స్పందించే గుణం లేకపోతే వేల బొమ్మలు ఎందుకు దాచుకుంటారు? ఆ గుణం ఉంది. మీరు చూసే పద్ధతే దానికి అడ్డం పడుతోంది.

అమెరికాలోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులు ఒక్కో పెయింటింగ్ ముందు ఎంతసేపు నిలబడుతున్నారో ఇద్దరు పరిశోధకులు గమనించి, 2001లో ఫలితాలు ప్రచురించారు. సగటున 27 సెకన్లు. అందులో పక్కనున్న వివరణ చదివే సమయం కూడా కలిసే ఉంటుంది. ప్రపంచంలో గొప్పవని పేరున్న బొమ్మల ముందే ఇంత తక్కువ సేపు ఆగితే, చూడగానే అర్థం కాని సమకాలీన కళ ముందు ఏం అనిపిస్తుంది?

హార్వర్డ్‌లో కళా చరిత్ర చెప్పే జెన్నిఫర్ రాబర్ట్స్ తన విద్యార్థుల్ని ఒకే కళాఖండం ముందు మూడు గంటలు కూర్చోమంటారు. మొదట్లో వాళ్ళకు అది శిక్షలా తోస్తుంది. ఆమె తానే ఒకసారి జాన్ సింగిల్టన్ కాప్లీ 1765లో వేసిన బొమ్మ ముందు కూర్చుని, ఏది ఎప్పుడు కంటబడిందో రాశారు. ఒక కుర్రాడు, అతని చేతిలో గొలుసు, గొలుసు చివర ఒక ఎగిరే ఉడుత. ఆ కుర్రాడి చెవి ఆకారం ఉడుత పొట్ట దగ్గరి బొచ్చు అంచుతో సరిపోతుందని గమనించడానికి ఆమెకు 9 నిమిషాలు పట్టింది. గొలుసు పట్టుకున్న వేళ్ళ మధ్య దూరమూ, కింద ఉన్న నీళ్ళ గ్లాసు వెడల్పూ ఒకటేనని 21 నిమిషాలకు తెలిసింది. వెనకున్న తెర మడతలు ఊరికే వేసినవి కావు, కుర్రాడి చెవి, కన్ను ఆకారాలే వాటిలో మళ్ళీ వచ్చాయని కనుక్కోవడానికి 45 నిమిషాలు. ఆమె చదువంతా కళ గురించే. కళ్ళ ముందున్నది కనబడటానికి ఆమెకే ముప్పావు గంట పట్టిందంటే, వివరణ చదివి ఒక చూపు చూసి, ఏమీ అనిపించలేదని మీరు మిమ్మల్ని నిందించుకోవడం అన్యాయం.

మూడు గంటలు కూర్చోమని అడగను. ఈసారి ఎగ్జిబిషన్‌కు వెళ్ళినప్పుడు హాలంతా ఒక చుట్టు తిరిగి, ఒకటే ఎంచుకుని, దాని దగ్గర అరగంట ఉండండి. వివరణ చివర్లో చదవండి. మొదట దూరం మార్చి చూడండి, దగ్గరికి, వెనక్కి, పక్కకు. దేనితో చేశారో చూడండి. చేతులు ఏ వరుసలో పనిచేసి ఉంటాయో ఊహించండి. మీరు డిజైనర్, ఈ ఒక్క విషయంలో మీ స్నేహితురాలి కంటే మీకే ఎక్కువ చేతనవుతుంది. మీకు కన్నీళ్ళు రావాలనేమీ లేదు. ఆమెకు ముందు ఉద్వేగం వస్తుందేమో, మీకు ముందు ఆసక్తి వస్తుంది. ఆసక్తి కూడా స్పందనే, పైగా అది ఎక్కువ కాలం నిలుస్తుంది.

సమకాలీన కళతో వచ్చే చిక్కు ఇంకొకటుంది. అన్ని పనులూ కంటికి నచ్చడానికి చేసినవి కావు. 1917లో మార్సెల్ డుషాం అనే ఫ్రెంచ్ కళాకారుడు న్యూయార్క్‌లో మార్కెట్‌లో దొరికే ఒక మూత్రశాల పాత్రను, 'ఆర్. మట్' అని సంతకం పెట్టి, ఒక ప్రదర్శనకు పంపాడు. రుసుము కట్టిన ఎవరి పనినైనా పెడతామన్న నిర్వాహకులు దాన్ని మాత్రం పెట్టలేదు. ఆ అసలు పాత్ర తర్వాత కనబడకుండా పోయింది, ఫొటో మాత్రం మిగిలింది. దాని ముందు నిలబడి అందం కోసం వెతికితే దొరకదు. ఏది కళ అనేది ఎవరు తేలుస్తారు, ఎక్కడ పెడితే తేలుతుంది అని అది అడుగుతోంది.

అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్ పని మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. 1968 నుంచి ఆయన గోడల మీద వేసే బొమ్మలకు సూచనలు రాసేవాడు: ఎలాంటి గీతలు, ఏ దిశలో, ఎంత దూరంలో. చాలాసార్లు గోడ మీద గీసేది వేరేవాళ్ళు. 2007లో ఆయన పోయాక కూడా ఆ బొమ్మలు కొత్త గోడల మీద పుడుతూనే ఉన్నాయి. ఒక సంస్థ లోగోను ఎలా వాడాలో పేజీల కొద్దీ నియమాలు రాసే మీకు, ఆ సూచనల్లో ఎంత స్వేచ్ఛ ఇవ్వాలి, ఎంత బిగించాలి అనేది ఎంత కష్టమో వేరే చెప్పాలా?

భారతీయ చిత్రకారిణి నస్రీన్ మొహమ్మదీ గీతల్ని ఎక్కడైనా ప్రదర్శిస్తే తప్పక వెళ్ళండి. 1937లో పుట్టి 1990లో చనిపోయిన ఆమె, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు వాడే పరికరాలతో, ఇంకుతో, పెన్సిల్‌తో కాగితం మీద గీతలు గీశారు. చాలావాటికి పేరు లేదు, తేదీ లేదు. ఫోన్‌లో చూస్తే గ్రాఫ్ కాగితంలా ఉంటాయి. వాటి ముందు నిలబడితేనే సంగతి తెలుస్తుంది: ఒక్కో గీత మీద ఒత్తిడి వేరు, ఒకచోట ఇంకు పలచబడుతుంది, ఒక వాలు గీత వచ్చి మొత్తం కాగితాన్ని ఓ పక్కకు లాగేస్తుంది. స్కేలు పెట్టి గీసిన గీతలో ఇంత ఊపిరి ఉంటుందని నేను అనుకోలేదు. సమకాలీన కళను చిన్న తెర మీద చూసి తేల్చేయకండని నేను అందరినీ బతిమాలేది ఇందుకే.

అరగంట చూశాక కూడా నచ్చకపోతే? నచ్చలేదని ధైర్యంగా అనుకోండి. గ్యాలరీలో ఉన్న ప్రతిదీ గొప్పది కాదు. బరువంతా వివరణ కాగితమే మోస్తూ, ఎదురుగా ఉన్న వస్తువు ఏ పనీ చేయని రచనలు నేను చాలా చూశాను. ఎందుకు నచ్చలేదో రెండు వాక్యాలు రాసుకుంటే చాలు. నచ్చినవాటి కంటే ఆ వాక్యాలే మీ అభిరుచిని మీకు స్పష్టంగా చూపిస్తాయి.

చేయి ఆడకపోవడం గురించి. దీనికి ఈవా హెస్స కథ చెప్పకుండా ఉండలేను. ఆమె న్యూయార్క్‌లో చిత్రకారిణి. చదువుకున్నది యేల్ విశ్వవిద్యాలయంలో, చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ దగ్గర. 1964లో శిల్పి అయిన భర్తతో కలిసి ఏడాదికి పైగా జర్మనీలో ఉండే అవకాశం వచ్చింది. ఒక పారిశ్రామికవేత్త, వాడకంలో లేని బట్టల మిల్లు భాగాన్ని వాళ్ళకు స్టూడియోగా ఇచ్చాడు. చోటుంది, సమయముంది, డబ్బు చింత లేదు. అయినా ఆమె పెయింటింగులు ముందుకు కదల్లేదు. తన మీద తనకే నమ్మకం పోయింది. ఆ సంగతి న్యూయార్క్‌లోని స్నేహితుడికి ఉత్తరం రాసుకుంది. ఆ స్నేహితుడే ఇందాక చెప్పిన సోల్ లెవిట్. 1965లో ఆయన రాసిన జవాబు ఇప్పుడు చాలామందికి తెలుసు. ఆలోచించడం, భయపడటం, పక్కవాళ్ళతో పోల్చుకోవడం ఆపి, చేతకానిదైనా సరే, తెలివితక్కువదైనా సరే, చెయ్యి అని పేజీల కొద్దీ వేడుకున్నాడు.

ఆ ఉత్తరాన్ని అందరూ తలుచుకుంటారు కానీ, నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది ఆ మిల్లు నేల మీద పడి ఉంది. పాత యంత్రాల ముక్కలు, తాళ్ళు, తీగలు. ఆమె మొదట ఆ యంత్ర భాగాల్ని చూసి బొమ్మలు గీసింది. తర్వాత ఆ తాళ్ళనే బోర్డుకు చుట్టి, అంటించి, రంగు వేసింది. బొమ్మ కాగితం మీంచి లేచి గోడ మీంచి ముందుకు వచ్చింది. అలాంటివి పద్నాలుగు చేసింది. న్యూయార్క్ తిరిగి వెళ్ళాక పెయింటింగ్ వదిలేసి శిల్పాల్లోకి వెళ్ళింది. లేటెక్స్, ఫైబర్‌గ్లాస్‌తో ఆమె చేసినవి ఇవాళ చరిత్ర. 1970లో ముప్ఫై నాలుగేళ్ళకే చనిపోయింది. ఆ కొద్ది సంవత్సరాల పనికి మొదలు, ఎవరికీ అక్కర్లేక ఓ మూల పడి ఉన్న తాడు.

మీ మిల్లు నేల మీద ఏముంది? మీ వృత్తిలోనూ పక్కన పడేసేవి చాలా ఉంటాయి. క్లయింటు తిరస్కరించిన ఇరవై లోగోలు. పేజీ కొలతల కోసం గీసి, చివర్లో దాచేసే అడ్డ నిలువు గీతలు. ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య మీరు అరగంట సేపు సరిచేసే ఆ ఇరుకు ఖాళీ. బటన్ నొక్కితే ఏం జరగాలో చూపడానికి గీసుకునే బాణాలు. ఇవి మీ చేతికి బాగా అలవాటైనవి, ఎవరి ఫోల్డర్‌లోనూ లేనివి. ఎల్ అనాట్సుయి అనే శిల్పి నైజీరియాలో 1990ల చివర్లో మద్యం సీసాల మూతలున్న సంచి ఒకటి దొరికితే తెచ్చుకున్నాడు. వాటితో ఏం చేయాలో వెంటనే తోచలేదు, అవి స్టూడియోలో అలా ఉండిపోయాయి. తర్వాత వాటిని చదును చేసి రాగి తీగతో కుట్టి, గోడంత పెద్ద వస్త్రాల్లా చేశాడు. మీరు కూడా ఆ తిరస్కరించిన లోగోల్ని అచ్చు తీసి, కత్తిరించి, గోడ మీద పెట్టుకోండి. ఏం చేయాలో ఇప్పుడే తెలియనక్కర్లేదు. రోజూ కంట పడుతూ ఉంటే చాలు.

మీరు ఉద్యోగం గురించి రాసిన తీరులో 'డిజైన్ వేరు, అసలైన సృజన వేరు' అనే భావం కనబడింది. నేను ఒప్పుకోను. లండన్ భూగర్భ రైళ్ళ మ్యాపును మార్చేసిన హ్యారీ బెక్ ఆ సంస్థ సిగ్నల్స్ విభాగంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినవాడు. 1931లో ఎవరూ అడక్కుండానే ఆ మ్యాపు గీశాడు. నేల కింద వెళ్ళేవాడికి పైన రోడ్డు ఎటు వంపు తిరిగిందో అనవసరం, ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ మారాలి, ఎక్కడ దిగాలి అన్నదే కావాలి. అందుకని అసలు దూరాల్ని వదిలేశాడు, గీతలన్నిటినీ అడ్డం, నిలువు, 45 డిగ్రీల వాలుకు కుదించాడు, కిక్కిరిసిన నగర మధ్యభాగాన్ని విశాలం చేశాడు. ముందు వద్దన్నారు. 1933లో అచ్చు వేసి పంచితే జనం వెంటనే అందుకున్నారు. ఇవాళ ఏ దేశంలో మెట్రో ఎక్కినా కనిపించే మ్యాపులో ఆ ఆలోచన ఉంది. దేన్ని వదిలేయాలో తేల్చుకోవడానికి ఎంత ఊహ కావాలో మీరే ఆలోచించండి. మీరు ఒక స్క్రీన్ మీంచి అనవసరమైన బటన్ ఒకటి తీసేయడానికి వాదించి గెలిచిన రోజు ఉంటే, ఆ రోజు మీరు చేసింది ఇదే పని.

ఏఐ గురించి అబద్ధపు ఓదార్పు చెప్పను. పైపై అలంకారంగా వాడే బొమ్మలు, త్వరగా కావాల్సిన ప్రకటనలు చేసే పని తగ్గుతుందనే నా అంచనా. ఆఫీసులో అది వాడక తప్పకపోతే వాడండి, బాగా వాడటం నేర్చుకోండి. అవతలి మనిషికి నిజంగా ఏం కావాలో విని, వచ్చిన వందలో ఏది సరైనదో, ఎందుకో చెప్పగల నేర్పు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. మీ సొంత పనికి మాత్రం దాన్ని మొదటి అడుగులో రానివ్వకండి. మొదటి గీత ఎప్పుడూ బాగుండదు. అది బాగాలేదని మీకు తెలిసిన క్షణంలోనే, ఏది కావాలో కొంచెం తెలుస్తుంది. ఇది కాదు, ఇంకొంచెం ఇటు, ఇంకా తేలిగ్గా అనుకుంటూ వెళ్తారు. ఆ అసంతృప్తి ఇంకా కలగకముందే నున్నగా తయారైన బొమ్మ ఒకటి ఎదురుగా వచ్చి కూర్చుంటే, మీకేం కావాలో మీకు తెలిసే అవకాశమే పోతుంది. ఇప్పటికే మీ సమస్య బయటి బొమ్మలు ఎక్కువైపోవడం. ఇంకో బొమ్మల ఊటను దానికి కలపకండి.

ఉద్యోగం మానేయకండి, కనీసం ఇప్పుడే వద్దు. రైలీ ప్రకటనల సంస్థలో పనిచేస్తున్న రోజుల్లోనే సెరాను కాపీ చేశారు, నలుపు తెలుపు బొమ్మలు మొదలుపెట్టారు. హెస్సకు ఏడాదికి పైగా ఖాళీ సమయం దొరికితే మొదటి నెలలు నరకంలా గడిచాయి. సమయం లేకపోవడం మీ అసలు అడ్డంకి అయితే వేరే మాట చెప్పేదాన్ని. జీతం ఆగిపోయాక, ప్రతి బొమ్మా మిమ్మల్ని పోషించాలనే ఒత్తిడి వస్తుంది, ఆ ఒత్తిడిలో మీరు మళ్ళీ అమ్ముడుపోయేవాటి పైరూపాల వైపే వెళ్తారు.

దానికి బదులు చిన్న కట్టుబాటు ఒకటి పెట్టుకోండి. జపాన్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన ఆన్ కవారా 1966 జనవరి 4న ఒక పని మొదలుపెట్టాడు: ఒకే రంగు నేపథ్యం మీద ఆ రోజు తేదీ మాత్రం వేయడం. అర్ధరాత్రి లోపల పూర్తి కాకపోతే ఆ కాన్వాస్‌ను నాశనం చేసేవాడు. అలా దాదాపు యాభై ఏళ్ళలో మూడు వేలకు దగ్గరగా వేశాడు. రోజూ వేయలేదు, అది కూడా గుర్తుంచుకోండి. మీకు మూడు నెలల పాటు వారానికి మూడు రాత్రులు, రాత్రికి ఒక గంట చాలు. కాగితం సైజు ఒకటే, రంగులు రెండే. గంట అయ్యాక ఆపేయాలి, బాగా వస్తున్నా సరే ఆపేయాలి. ఆ మూడు నెలలూ ఎవరికీ చూపించకండి. మీ స్నేహితురాలికి కూడా వద్దు. ఎవరో చూస్తారన్న ఊహ ఉన్నంతసేపు చేయి జాగ్రత్తపడుతుంది, మీ చేతిని ముందు ఆ జాగ్రత్త నుంచి విడిపించాలి.

చివరగా ఫోల్డర్. డిలీట్ చేయకండి. అన్నేళ్ళ ఇష్టం అందులో ఉంది, దాన్ని చెరిపేస్తే మీ గురించి మీకు తెలిసే ఒక ఆధారం పోతుంది. ఒక నెల పాటు కొత్తగా ఏదీ దాచకండి. ఒక ఆదివారం కూర్చుని మొత్తం చూడండి, వేగంగా, ఎక్కడా ఆగకుండా. మళ్ళీ మళ్ళీ వచ్చేదేదో మీకే కనబడుతుంది: ఒక రకమైన ఖాళీ కావచ్చు, మాసిన పసుపు కావచ్చు, విరిగిన అక్షరాలు కావచ్చు. అలాంటివి పన్నెండు తీసి అచ్చు వేయించండి. ఒక్కోదాని కింద, అది ఎలా తయారైందని మీరు అనుకుంటున్నారో ఒక్క వాక్యం రాయండి. ఏ బొమ్మ కింద ఆ వాక్యం రాయలేకపోయారో, మీరు కాపీ చేయాల్సిన మొదటి బొమ్మ అదే.